బీరువా నిండా బట్టలే, కానీ నా స్టైల్ ఏంటో నాకే తెలీట్లేదు. కొత్తవి కొనకుండా ఏదైనా దారి చెప్పండి

రెండో_అర:
అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో ఉంటాను, గచ్చిబౌలి వైపు ఆఫీసు. మొన్నటిదాకా ఇంటినుంచే పని కాబట్టి నైటీ మీద చున్నీ కప్పుకుని వీడియో ఆఫ్ చేసి లాగించేశా, ఇప్పుడేమో వారంలో సగం రోజులు రావాల్సిందే అంటున్నారు. బీరువా తీస్తే మీద పడేంత బట్టలున్నాయి, కానీ పొద్దున్నే వేసుకోడానికి ఒక్కటీ కనపడదు. ఏమున్నాయంటే, లెగ్గింగ్స్ రోజుల నాటి కుర్తీలు బోలెడు, జీన్స్, పెళ్లిలో కొన్న పట్టుచీరలు, అమ్మ ఇచ్చిన మంగళగిరివి, ఒక గద్వాల, ఒక పోచంపల్లి, ఇక గృహప్రవేశాలకీ పెళ్లిళ్లకీ చుట్టాలు పెట్టిన చీరలు ఒక అర నిండా. ఇన్‌స్టా తెరిస్తే అందరూ క్యాప్సూల్ వార్డ్‌రోబ్ (కొన్ని బట్టలే ఉంచుకుని వాటినే మార్చి మార్చి కలిపి వేసుకోవడం) అంటూ తెలుపూ, లేత గోధుమరంగూ చూపిస్తున్నారు, నా దగ్గరేమో చిలకపచ్చ, రాణి రంగు, పసుపు. ఇవన్నీ తీసేసి మళ్లీ కొనాలా? అంత డబ్బు లేదు, ఉన్నా కొనబుద్ధి కావట్లేదు. ఉన్నవాటిలోంచే ఇదీ నా పద్ధతి అని తేల్చుకోవడం ఎలా?

గంజిచీర:
అమ్మాయ్, గుంటూరు నుంచి రాస్తున్నా, టీచర్‌ని, రోజూ చీరే. నన్నడిగితే నీ స్టైల్ నీకంటే మీ వీధి చివర ఇస్త్రీ బండి అతనికి బాగా తెలుసు. ఈ నెలలో ఇస్త్రీకి పదేపదే వెళ్లినవేంటో చూడు, అవన్నీ మంచం మీద పరిచి వాటిలో కలిసేదేంటో వెతుకు. రంగు ఒక్కటే కాదు, మెడ ఎంత లోతుంది, చెయ్యి ఎక్కడిదాకా ఉంది, కాటనా జార్జెట్టా, పూలా చెక్సా ప్లెయినా, ఇవన్నీ. అన్నిట్లో రెండు మూడు లక్షణాలు మళ్లీ మళ్లీ వస్తాయి చూడు, అదే నీది.

పెట్టిన చీరలు మాత్రం ఈ లెక్కలోకి తేకు. అవి పెట్టినవాళ్ల ఇష్టాలు, కొన్నయితే వాళ్లకి ఇంకెవరో పెట్టినవి చేతులు మారి మన దాకా వచ్చినవి, వాటిని చూసి మన టేస్ట్ ఏంటో తేల్చుకోవడమేంటి. వేరే సంచిలో పెట్టేయ్.

ఇక కట్టని చీరలు. ఒక్కోటి చేతిలోకి తీసుకుని ఎందుకు కట్టట్లేదో అడుగు. పదింటికి ఏడెనిమిదిసార్లు తప్పు చీరది కాదు, జాకెట్టుది. బిగుతైపోయింది, లేదా డీప్ నెక్కూ డోరీలూ కట్టించుకున్న పెళ్లినాటి కుట్టు, ఆఫీసుకి అదేం బాగుంటుంది. టైలర్లు మామూలుగా పక్క కుట్లలో గుడ్డ వదులుతారు, లోపల వరసగా రెండు మూడు కుట్లుంటే ఒకటి విప్పితే వదులవుతుంది. నల్లదొకటి, మెరూన్‌దొకటి, కలంకారీదొకటి, ఈ మూడు జాకెట్లు సరిగ్గా సరిపోయేవి ఉంటే మంగళగిరి చీరలన్నీ లేచి కూర్చుంటాయి, ఎందుకంటే వాటికి మధ్యలో ప్లెయినే, జరీ అంచు ఒక్కటే కదా, ఏ జాకెట్టైనా పట్టేస్తుంది.

చెక్స్_చొక్కా:
మగవాళ్లు మాట్లాడొచ్చా ఇక్కడ 😀 విజయవాడ నాది, నా బీరువా మొత్తం చెక్స్ చొక్కాలే, ఇంట్లోవాళ్లు నవ్వుతుంటారు. గంజిచీర గారి పద్ధతిలోనే చూశా, నేను తొడిగేవన్నీ చిన్న గళ్లు, ముదురు రంగు, కాటన్. పెద్ద గళ్లవి కొన్నట్టే కొని పక్కన పడేశానని అప్పుడు కనపడింది. ఇంకోటి, ఫుల్ హ్యాండ్స్ చొక్కాలు మా ఎండకి ఎవడు వేస్తాడండీ, మడిచి మడిచి విసుగొచ్చి వాటిని హాఫ్ హ్యాండ్స్ చేయించేశా, ఇప్పుడు అవే ఎక్కువ తిరుగుతున్నాయి. ఆల్టరేషన్‌కి ఇచ్చేముందు ఒక్కటి చూసుకోండి, నడుము దగ్గర లూజు తగ్గించడం, పొడుగు తగ్గించడం తేలిక, కానీ భుజం జారిపోతుంటే మాత్రం దాన్ని సరిచేయించడం పెద్ద పని, అలాంటివి ఎవరికైనా ఇచ్చేయడమే నయం.

మంచు_ఊరు:
అందరూ ఎక్కువ వేసుకునేవే మీ స్టైల్ అంటున్నారు, నేను పూర్తిగా ఒప్పుకోను. ఎక్కువ వేసుకునేది చాలాసార్లు పైన ఉన్నది, ఇస్త్రీ అక్కర్లేనిది, అంతే. నేను అమెరికాలో ఎడిసన్‌లో ఉంటా, నాలుగైదు నెలలు నల్ల స్వెటరూ జీన్సే, అది నా స్టైలా? చలి వల్ల వచ్చిన తిప్పలు. కాబట్టి ముందు ఒక పని చేయండి, పైవరస తీసి అడుగున పెట్టి, అడుగువి పైకి తెచ్చి, కొన్నాళ్లు వాటినే వేసుకుని బయటికెళ్లండి, ఇంట్లో అద్దం ముందు కాదు. కాసేపటికి ఏదో ఒకటి తెలుస్తుంది, చున్నీ అస్తమానం సర్దుకుంటున్నామా, సాయంత్రం ఇంటికి రాగానే మార్చేయాలనిపిస్తోందా, లేక వేసుకున్న సంగతే మర్చిపోయామా. మర్చిపోయినవి ఉంచుకోండి. నాకలా తేలిందేంటంటే, నాకు కుర్తీల కంటే చున్నీలే ఇష్టమని. ఇప్పుడు ప్లెయిన్ బట్టల మీద ఇకత్‌దో, మంగళగిరిదో చున్నీ కోటు కింద మెడకి చుట్టుకుని వెళ్తా, ఆఫీసులో నన్ను దాంతోనే గుర్తుపడతారు.

లేత గోధుమరంగు సంగతి కూడా చెప్పేస్తా, ఆ వీడియోల్లో వాళ్లకి అది బాగుందని మనం మన రాణి రంగులు దాచుకోవడం ఏంటో నాకర్థం కాదు, మనది పసుపు కుంకుమల దేశం, ముదురు రంగులు మన ఒంటికి నప్పినట్టు ఇంకేం నప్పుతాయి.

చెక్స్_చొక్కా:
మర్చిపోయినవి ఉంచుకోండి, ఇది బాగుందండీ, నోట్ చేసుకున్నా

రెండో_అర:
అందరికీ చాలా థాంక్సండీ. ఆదివారం మొత్తం ఇదే పని, మా ఆయన మంచం ఖాళీ లేక హాల్లో పడుకున్నాడు. ఇస్త్రీకి వెళ్లేవి పరిచా, తర్వాత మంచు_ఊరు గారు చెప్పినట్టు అడుగువి కూడా వేసుకుని తిరిగా, మొత్తానికి తేలిందేంటంటే నావన్నీ ఎల్బో హ్యాండ్స్, కాటన్, ఒంటి మీద ప్రింట్ ఉండదు, ముదురు రంగుకి వేరే రంగు అంచు ఉంటుంది. కుర్తీల్లో కూడా అంచున్నవే వేస్తున్నా, పూల రేయాన్‌వి కొన్నానే గానీ ముట్టుకోవట్లేదు, చెమటకి అతుక్కుపోతాయి. అంటే అమ్మ చీరల టేస్టే నాకూ వచ్చిందన్నమాట, ఇన్నాళ్లూ నాది మోడర్న్ టేస్ట్ అనుకుంటున్నా 😄 ఇంక పోచంపల్లి చీర తీసి చూస్తే ఒకవైపు మడత మీద రంగు కాస్త వెలిసింది, గద్వాలేమో బరువని కట్టట్లేదు. రెండూ కుర్తాలుగా కుట్టించేయనా? అమ్మకి తెలిస్తే ఊరుకోదు.

గంజిచీర:
గద్వాలకి కత్తెర పెట్టకు తల్లీ. దాని నేతే వేరు, మధ్యలో కాటన్, అంచూ కొంగూ పట్టు, రెండింటినీ మగ్గం మీదే కలుపుతారు. కుర్తా కోసం కోస్తే ఆ అంచు ఎటూ సరిపడదు, మధ్యలో కాటన్ మిగిలి వంటింటి గుడ్డలా ఉంటుంది. దాన్ని శ్రావణ శుక్రవారానికి కట్టు, అమ్మ కూడా సంతోషిస్తుంది.

పోచంపల్లి అయితే వేరే సంగతి. అది ఇకత్ కదా, దారానికే ముందు ముడులు కట్టి రంగు వేసి తర్వాత నేస్తారు కాబట్టి డిజైన్ రెండు వైపులా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. వెలిసింది పైవైపేనా, రెండు వైపులా వెలిసిందా చూడు. పైవైపే అయితే తిరగేసి కట్టుకోవచ్చు, ఫాల్ విప్పి రెండోవైపు వేయించాలి, అంతే. రెండు వైపులా పోతే అప్పుడు కుర్తా సంగతి చూద్దాం, ఐదున్నర మీటర్లు కదా, కుర్తా పోను చున్నీ కూడా వస్తుంది, వెలిసిన ముక్క లోపలికి పోయేలా కోయమను.

పట్టుచీరల్లో కలరా ఉండలు జరీకి తగిలేలా పెట్టావేమో చూసుకో, నల్లబడుతుంది. మడతలు కూడా అప్పుడప్పుడూ మార్చి పెట్టు, లేకపోతే మడత దగ్గరే చిరుగుతుంది.

జాకెట్లు లూజు చేయించడానికి వెళ్లేటప్పుడు కొలతలివ్వకు, ఇప్పుడు నీకు బాగా సరిపోతున్న ఆది జాకెట్టు ఒకటి పట్టుకెళ్లు. దసరా దగ్గర పడితే ఆల్టరేషన్ అంటే ఏ టైలరూ చెవిన పెట్టడు, ఈ వారమే ఇచ్చెయ్.