ఐస్‌లాండ్ గుర్రాల పేర్లను ఎలా చదవాలి?

ప్రశ్న:
నమస్కారం. ఐస్‌లాండ్ గుర్రాల వంశావళులలో "ఓర్రి ఫ్రౌ థూవు" వంటి మూడు మాటల పేర్లు కనిపిస్తున్నాయి. వీటిలో అసలు పేరు ఏది? రంగును బట్టి పేరు పెడతారన్న మాట ఎంతవరకు నిజమో, పురాణగాథలకు చెందిన పేర్లు ఏవో తెలిసినవారు వివరించగలరు.

సమాధానం 1:
అసలు పేరు మొదటి మాట మాత్రమే. "ఫ్రౌ" అంటే "నుంచి" అని అర్థం, దాని తరువాత వచ్చేది గుర్రం పుట్టిన పెంపకపు క్షేత్రం పేరు. ఆ క్షేత్రం థూవా అయినా, "ఫ్రౌ" తరువాత విభక్తి మారి "థూవు" అయింది. ఓర్రి అనే పేరు ఎన్నో గుర్రాలకు ఉంటుంది కనుక ఊరు చేర్చక తప్పదు, గుర్రం చేతులు మారినా ఆ ఊరు దాన్ని వదలదు. వరల్డ్‌ఫెంగుర్ అనే అంతర్జాతీయ వంశావళిలో ప్రతి గుర్రానికీ ఒక సంఖ్య కూడా ఉంటుంది. ఐఎస్ 1986186055 అన్న ఓర్రి సంఖ్యలో మొదట దేశం, తరువాత పుట్టిన సంవత్సరం, ఆపైన మగ గుర్రాన్ని తెలిపే 1 అంకె ఉన్నాయి. ఆడ గుర్రమైతే అక్కడ 2 ఉంటుంది.

సమాధానం 2:
రంగు సంగతి నిజమే, పాత పేర్లలో అదే ప్రధానం. ముఖం మీద తెల్లని పొడవాటి చార ఉంటే బ్లేసి, ఒంటి మీద పెద్ద తెల్ల మచ్చలుంటే స్క్యోని, ఎర్రని ఒళ్ళయితే రౌదుర్ అంటారు. మన పల్లెల్లో బొల్లావు, కర్రావు అన్నట్లే, పేరు వినగానే మందలో దాన్ని గుర్తుపట్టవచ్చు. ఐస్‌లాండిక్ భాషలో నామవాచకాలకు లింగభేదం ఉంది కాబట్టి మగ గుర్రం స్క్యోని అయితే ఆడ గుర్రం స్క్యోనా అవుతుంది, నుదుట చుక్క ఉన్న ఆడ గుర్రాన్ని స్ట్యార్నా, అంటే నక్షత్రం, అని పిలుస్తారు. అయితే రంగును పూర్తిగా నమ్మలేము. బూడిదరంగు గుర్రాలు ముదురు రంగులో పుట్టి, ఏళ్ళు గడిచేకొద్దీ తెల్లబడతాయి.

సమాధానం 3:
పురాణగాథల విషయానికి వస్తే, "ఫాక్సి" అనే మాటకు జూలు కలది అని అర్థం. రాత్రిని లాగే హ్రీమ్‌ఫాక్సి మంచు జూలు గలది, ప్రతి ఉదయం దాని కళ్ళెం నుంచి రాలే నురుగే నేలపై మంచుబిందువులవుతుందని ప్రాచీన కవిత చెబుతుంది. పగటిని లాగే స్కిన్‌ఫాక్సి జూలు వెలుగులు చిమ్ముతుంది. హ్రఫ్న్‌కెల్ గాథలో కథానాయకుడు ఫ్రేర్ దేవుడితో సగపాలు పంచుకున్న ఫ్రేఫాక్సిని మరెవరు ఎక్కినా చంపుతానని ఒట్టు పెట్టుకుంటాడు, దాన్ని ఎక్కిన గొర్రెల కాపరి ఐనార్‌ను నిజంగానే చంపుతాడు.

ఇప్పుడు అగ్నిపర్వతాల పేర్లయిన హెక్లా, కాట్లా ఆడ గుర్రాలకు, జ్వాల అనే అర్థం గల ఫూని మగ గుర్రాలకు విరివిగా వినిపిస్తాయి. కొత్త పేరు నమోదు కావాలంటే అది ఐస్‌లాండిక్ నామకరణ సంప్రదాయానికి ఒదగాలి. ఇందుకోసం 2016లో గుర్రాల పేర్ల సంఘం ఒకటి ఏర్పడింది. మనుషుల పేర్లను పరిశీలించే సంఘం అక్కడ అంతకు ముందునుంచే ఉంది, ఇది దానికి వేరు.