రేస్ ట్రాక్ చూపిస్తే కుర్రాడి స్పీడు తగ్గుతుందా, పెరుగుతుందా?

వార్ధా ఒడ్డు (బల్లార్‌పూర్)

అందరికీ నమస్కారం. మా అబ్బాయికి 17 ఏళ్లు. బండి అంటే ప్రాణం. పోయిన నెల రాజురా రోడ్డు మీద వాడి స్నేహితుడు బొగ్గు లారీని ఓవర్‌టేక్ చేయబోయి పడ్డాడు, భుజం దగ్గర ఎముక విరిగింది. వెనక బండి మీద మావాడే ఉన్నాడు. ఇంటికొచ్చి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు మళ్లీ తాళం అడిగాడు.

ఇప్పుడు చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌లో బైక్ రేసులు చూడాలని పట్టు పట్టాడు. మా బామ్మర్ది "తీసుకెళ్దాం బావా, అసలు స్పీడంటే ఏంటో చూస్తే రోడ్డు మీద వేషాలు మానతాడు" అంటున్నాడు. నాకేమో అగ్నికి ఆజ్యం పోసినట్టవుతుందని భయం. మా ఇంట్లో ఇంతవరకు ఎవరూ రేసు చూసినవాళ్లం కాదు. వెళ్లొచ్చినవాళ్లు, పిల్లలున్నవాళ్లు మీ మాట చెప్పండి.

సిరొంచ టీచరమ్మ

వద్దు, అన్నా. నేను బడిలో రోజూ చూస్తున్నదే చెబుతున్నాను. పిల్లలు మనం చూపించింది చూడరు, వాళ్లకు కావలసింది చూస్తారు. ఫోన్‌లో బైక్ రేసు చూసిన మర్నాడే మా తొమ్మిదో తరగతి పిల్లాడు సైకిల్ మీద వంగి మోకాలు నేలకు తాకించబోయాడు. మోచేతి నుంచి మణికట్టు దాకా చర్మం లేచిపోయింది. ఇసుక రేణువులు ఒక్కొక్కటీ తీసి కడిగింది నేనే.

ఇంకో విషయం. మీరు చెబుతున్న ఆ మద్రాస్ ట్రాక్ మీదే 2023 ఆగస్టులో 13 ఏళ్ల బాలుడు బైక్ రేసులో పడి చనిపోయాడు. రేసు కోసం తయారైన పిల్లాడు, రేసు కోసం కట్టిన ట్రాక్. అయినా ప్రాణం నిలవలేదు.

కోపం తెచ్చుకోకండి, అసలు 17 ఏళ్లవాడి చేతికి తాళం ఎలా వచ్చింది? గేర్ల బండి లైసెన్సుకు 18 నిండాలి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు నేరం చేస్తే తండ్రికి గాని, బండి యజమానికి గాని మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. ముందు ఆ తాళం సంగతి తేలితే తర్వాత చెన్నై సంగతి మాట్లాడుకోవచ్చు.

పానా34 (చంద్రపూర్)

టీచరమ్మ తాళం గురించి అన్నది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ ట్రాక్ వద్దన్నదానికి నేను ఒప్పుకోను.

నాది టూవీలర్ మెకానిక్ పని. నాలుగేళ్ల కిందట బల్లార్షాలో జీటీ ఎక్స్‌ప్రెస్ రైలెక్కి చెన్నై వెళ్లాను, ఆ రేసు చూడ్డానికే. ట్రాక్ ఊళ్లో ఉండదు, బెంగళూరు హైవే మీద శ్రీపెరుంబుదూర్ వైపు వెళ్లాలి. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్లది, 1990లో మొదలైంది. ఒక చుట్టు దాదాపు 3.7 కిలోమీటర్లు. అంతకుముందు షోళవరంలో పాత విమానాల రన్‌వే మీద రేసులు పెట్టేవాళ్లట.

మొదటి గంట నాకేమీ అర్థం కాలేదు. స్టాండ్‌లో కూర్చుంటే ట్రాక్‌లో ఒక ముక్కే కనబడుతుంది. గుంపుగా వస్తారు, చెవులు గింగురుమంటాయి, పోతారు. మళ్లీ రెండు నిమిషాలు ఖాళీ రోడ్డు. ఎవడు ముందున్నాడో, ఎవడు ఒక చుట్టు వెనకబడ్డాడో తెలియదు. కొత్తగా వెళ్లేవాళ్లు ముందే అనుకోండి, టీవీలో చూసినట్టు ఉండదు.

అప్పుడు దిగి బండ్లు సర్దుకునే చోటికి వెళ్లాను. నా కళ్లు తెరుచుకున్నది అక్కడ. ఒక బండి ఇంజిన్ కింద ఆయిల్ వదిలే బోల్టుకు సన్నని స్టీలు తీగ కట్టి ఉంది. బోల్టు తలకు చిన్న రంధ్రం వేసి, అందులోంచి తీగ దూర్చి, మెలితిప్పి, ఇంజిన్‌కే బిగించారు. ఎందుకని అడిగాను. "బోల్టు లూజై ఊడితే ఆయిల్ ట్రాక్ మీద పడుతుంది, వెనకొచ్చేవాడు జారి చస్తాడు" అన్నాడు అక్కడి కుర్రాడు. ఇన్నేళ్లలో నేను వేల బండ్ల ఆయిల్ మార్చాను. నా వెనక ఎవడో వస్తున్నాడని తలచుకుని బోల్టు బిగించింది ఆ రోజు తర్వాతే.

ఆ తర్వాత ఒకతను మలుపులో పడ్డాడు. వీపు మీద జారుకుంటూ గులకరాళ్లలోకి వెళ్లిపోయాడు. రెండు సెకన్లలో పసుపు జెండా ఊగింది. వెనకున్నవాళ్లలో ఒక్కడు కూడా ఓవర్‌టేక్ చేయలేదు. పక్కవాడు కొంచెం నెమ్మదించినా, దాటే సందు కళ్లముందే కనబడుతున్నా దాటలేదు. ఆ జెండా ఊగినంతసేపూ ఓవర్‌టేక్ నిషేధం. తమ్మీ, అంత స్పీడులో కూడా ఒక గుడ్డముక్కకు అంత విలువిచ్చే మనుషుల్ని మన పిల్లలు చూడాలి. మన రోడ్డు మీద ఎర్ర లైటుకే దిక్కులేదు.

గోదారి గట్టు (ధర్మాబాద్)

నేను 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో జరిగిన ఫార్ములా ఈ రేసుకు వెళ్లాను. హుస్సేన్‌సాగర్ పక్కన 2.8 కిలోమీటర్ల వీధి ట్రాక్. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఎలక్ట్రిక్ కార్లు కదా, పెద్ద మోత ఉండదు, చిన్నపిల్లలున్నవాళ్లకు హాయి. రేసు బాగుంది, కాదనను.

అయితే టీచరమ్మ వైపు ఒక మాట చెప్పాలి. బయటికి వచ్చేసరికి రోడ్డు మీద నలుగురైదుగురు కుర్రాళ్లు, మెడలో రేసు ట్యాగులు ఇంకా వేలాడుతున్నాయి, కార్ల మధ్య బైకులు దూర్చుకుంటూ పందేలు మొదలుపెట్టారు. చూసినదంతా ఒక్క కిలోమీటరులో గాలికి కొట్టుకుపోయింది.

సిరొంచ టీచరమ్మ

నా భయం అదే. పానా అన్నా, మీరు చెప్పిన తీగ మాట చదువుతుంటే ఒళ్లు జలదరించింది. కానీ మీరు మెకానిక్ కాబట్టి తీగ కనబడింది. పదిహేడేళ్లవాడికి ఏం కనబడుతుంది? మనిషి అంత స్పీడులో పడి, జారి, లేచి, దుమ్ము దులుపుకుని నడిచిపోవడం కనబడుతుంది. "పడితే ఏమీ కాదు" అనే నమ్మకంతో ఇంటికి వస్తాడు. నాకు చావు చూపించడం కంటే ఆ లేచి నడవడం చూపించడమే ఎక్కువ ప్రమాదం అనిపిస్తోంది.

పానా34 (చంద్రపూర్)

ఇది గట్టి మాటే. రాత్రంతా ఆలోచించాను.

అందుకే పిల్లాణ్ని ఒంటరిగా స్టాండ్‌లో వదిలేయకూడదు. పక్కన కూర్చుని చూపించాలి. పడినవాడు ఎక్కడికి జారాడు? ఖాళీ స్థలంలోకి, గులకరాళ్లలోకి. అక్కడ చెట్టు లేదు, కల్వర్టు గోడ లేదు, ఎదురుగా లారీ లేదు. అందరూ ఒకే దిక్కుకు పోతున్నారు. అంబులెన్సు ఇంజిన్ ఆన్‌లో పెట్టుకుని ఉంది. అతను లేచింది ఇవన్నీ ఉన్నందుకు. రాజురా రోడ్డులో వీటిలో ఏది ఉందో వాడినే లెక్కపెట్టి చెప్పమనండి.

ఈ ఏర్పాట్లు కూడా ఊరికే రాలేదు. 1955లో ఫ్రాన్స్‌లోని లె మాన్స్‌లో కారు ముక్కలై జనంలోకి దూసుకొచ్చి 80 మందికి పైగా పోయారు. దాని తర్వాత స్విట్జర్లాండ్ తన దేశంలో సర్క్యూట్ రేసులనే నిషేధించింది. అలాంటి చావుల తర్వాతే జనాన్ని వెనక్కి జరిపారు, ట్రాక్‌లకు గోడలు, కంచెలు పెంచారు.

మలుపు సంగతి కూడా చూపించాలి. రేసర్ మలుపుకు ముందు బయటి అంచుకు వెళ్తాడు, మధ్యలో లోపలి అంచును తాకుతాడు, మళ్లీ బయటికి వస్తాడు. రోడ్డు వెడల్పంతా వాడతాడు. కుడివైపు మలుపులో మన రోడ్డు మీద అదే పని చేస్తే ఆ లోపలి అంచు ఎవరిది? ఎదురొచ్చేవాడిది. ట్రాక్ మీద నైపుణ్యం అనిపించుకున్నది రోడ్డు మీద ఆత్మహత్య. ఈ ఒక్కటి వాడి తలకెక్కితే రైలు ఛార్జీలు గిట్టినట్టే.

ఒక లెక్క కూడా చెప్పండి. గంటకు 100 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. అడ్డొచ్చినదాన్ని చూసి బ్రేకు మీదికి చెయ్యి పోవడానికి ఒక్క సెకను పట్టినా, బ్రేకు పడకముందే 28 మీటర్లు అయిపోయాయి. ట్రాక్ పక్కన నిలబడి ఒకటి అనుకునేలోపు బండి ఎక్కడి నుంచి ఎక్కడికి పోయిందో చూపిస్తే, ఈ అంకె పుస్తకంలో లెక్కలా ఉండదు.

నాగ్‌పూర్ లైన్ (బల్లార్‌పూర్)

నేను మావారితో 2023 సెప్టెంబరులో గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో మోటోజీపీకి, అంటే ప్రపంచ స్థాయి బైక్ రేసుకు వెళ్లాను. చర్చ పెద్దవాళ్లు చేస్తున్నారు, నేను వెళ్లేవాళ్ల అవసరాలు మాత్రం చెబుతాను.

ఆదివారం ఒక్కరోజు చాలదు అన్నయ్యా, శనివారమే వెళ్లండి. మేము వెళ్లినప్పుడు ఆ రోజు క్వాలిఫయింగ్ ఉంది. ఒక్కొక్కరు గడియారంతో పోటీ పడతారు, ఎవరు వేగంగా తిరిగితే వాళ్లు రేసు మొదలయ్యేటప్పుడు ముందు నిలబడతారు. కొత్తవాళ్లకు రేసు కంటే అదే తేలిగ్గా అర్థమవుతుంది. పెద్ద మలుపు కనబడే చోట కూర్చోండి. నేరుగా ఉన్న రోడ్డు ఎదురుగా కూర్చుంటే గీతలా పోయేది తప్ప ఏమీ చూడరు. చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు మెడికల్ షాపులోనే కొనుక్కోండి, అక్కడ దొరుకుతాయని నమ్ముకోవద్దు. టోపీ, నీళ్లు మరిచిపోవద్దు. ఆ రోజు ఎండకు రేసులో చుట్లు తగ్గించారంటే ఆలోచించండి, వేడికి అలవాటుపడిన రైడర్లే తట్టుకోలేకపోయారు.

వార్ధా ఒడ్డు (బల్లార్‌పూర్)

అందరికీ పేరుపేరునా దండాలు. టీచరమ్మా, తప్పు నాది. ఇంట్లో సరుకులు తెస్తాడు కదా అని తాళం ఇచ్చాను, అది అలాగే వాడిదైపోయింది. నిన్న రాత్రి తీసుకున్నాను. 18 నిండి లైసెన్సు వచ్చేదాకా ఇవ్వనని చెప్పాను. అన్నం తినకుండా లేచిపోయాడు.

తర్వాత పానా అన్న రాసినది వాడికి చదివి వినిపించాను. లె మాన్స్ గురించి ఏమీ అనలేదు. తీగ దగ్గర మాత్రం ఆపమని, మళ్లీ చదవమన్నాడు. కాసేపటికి బయట చప్పుడైతే వెళ్లి చూశాను. తాళం లేని బండి పక్కన నేల మీద పడుకుని, సెల్‌ఫోన్ లైటు వేసి ఇంజిన్ కింద ఆ బోల్టు కోసం వెతుకుతున్నాడు. "నాన్నా, మనదానికి తీగ లేదు" అన్నాడు.

మూడు టికెట్లు తీశాను. నాకు, వాడికి, వాళ్ల మేనమామకు. శనివారం పొద్దుటికల్లా ట్రాక్ దగ్గరుంటాం. పానా అన్నా, బండ్లు సర్దుకునే చోటికి మామూలు టికెట్టుతో పోనిస్తారా, వేరే పాస్ తీసుకోవాలా?