గైనిక్ క్యాన్సర్ పాథాలజీ పరిశోధకురాలి ప్రచురణల జాబితాను ఎలా సరిచూడాలి?

అండాశయ, గర్భాశయ క్యాన్సర్ల పాథాలజీలో చాలాకాలంగా పనిచేస్తున్న ఒక పరిశోధకురాలి ప్రచురణల జాబితాను పదోన్నతి కమిటీ కోసం సిద్ధం చేసే బాధ్యత నాకు అప్పగించారు. ఈ పనిలో అనుభవమున్నవారి సలహా కోరుతున్నాను.

వైద్య పరిశోధన వ్యాసాల సూచిక అయిన పబ్‌మెడ్‌లో 2002కు ముందరి వ్యాసాలకు రచయితల ఇంటిపేరు, పొడి అక్షరాలు మాత్రమే ఉండటంతో, అదే పేరున్న ఇతరుల వ్యాసాలు కూడా వచ్చి కలుస్తున్నాయి. ఆమెకు ఆర్కిడ్ (ORCID) సంఖ్య, అంటే ఒక్కో పరిశోధకుణ్ణి విడిగా గుర్తించే సంఖ్య, ఉంది గానీ, ఆ సదుపాయం 2012లోనే మొదలైంది కనుక పాత వ్యాసాలు అందులో చేరలేదు. గూగుల్ స్కాలర్ అయితే సదస్సు సంగ్రహాలను, పూర్తి వ్యాసాలను కలగాపులగం చేసి చూపుతుంది.

అంతకంటే చిక్కైనది రచయితల వరుస. అనేక కేంద్రాల్లో జరిగే క్లినికల్ ట్రయల్‌లో స్లైడ్లన్నీ మళ్లీ పరిశీలించి, కణితి హై గ్రేడ్ సీరస్ రకమా, ఎండోమెట్రియాయిడ్ రకమా అని తేల్చిన పాథాలజిస్టు పేరు తరచుగా నడుమ ఎక్కడో ఉంటుంది. ఒక్కోసారి సహకరించినవారి పట్టికకే పరిమితమవుతుంది (ఇది న్యాయం కాదని నా అభిప్రాయం). వరుసలో మొదట, చివర ఉన్న పేర్లకే విలువనిచ్చే కమిటీకి ఈ శ్రమను ఏ శీర్షిక కింద చూపాలి? సంగ్రహంగా వచ్చి తరువాత పూర్తి వ్యాసమైన వాటిని ఒక్కటిగానే లెక్కించాలా? పాత వ్యాసాల కర్తృత్వాన్ని ఆమె పనిచేసిన సంస్థల పేర్లు, సహ రచయితల ఆధారంగా నిర్ధారిస్తే సరిపోతుందా?