హేమిష్: ముందు పిలుపు, తర్వాతే పేరు

ప్రశ్న: స్కాట్లాండ్ వాళ్ల హేమిష్ అనే పేరుకు అర్థమేమిటి? మన హేమ శబ్దంతో ఏమైనా చుట్టరికం ఉందా?

జవాబు: హేమ శబ్దంతో ఏ సంబంధమూ లేదు. అసలు పేరు షేమస్. స్కాట్లాండ్‌లోని స్కాటిష్ గేలిక్ భాషలో మనిషిని పిలిచేటప్పుడు పేరుకు ముందు ‘అ’ చేరుతుంది, మన ‘ఓ’, ‘ఓరి’ లాగా. దాని వెనక వచ్చే హల్లు మెత్తబడుతుంది. రాతలో ఎస్ పక్కన హెచ్ చేరుతుంది, పలకడంలో ష పోయి హ మిగులుతుంది. మగవాళ్ల పేర్లకు చివర కూడా మార్పుంది: ఆఖరి ఎస్‌కు ముందు ఐ అక్షరం చేరి, స కాస్తా ష అవుతుంది. అలా షేమస్‌ను పిలిస్తే ‘అ హేమిష్’. ఆ పిలుపు విన్న ఇంగ్లీషువాళ్లు అదే పేరనుకున్నారు. ‘ఒరే రాముడా’ అన్న కేక విని ‘రాముడా వచ్చాడు’ అన్నట్టు! గేలిక్‌లో తన పేరు చెప్పుకునేవాడు ఇప్పటికీ షేమస్ అనే అంటాడు.

ఇక అర్థం. షేమస్ గేలిక్ ధాతువు నుంచి పుట్టింది కాదు, జేమ్స్‌కు గేలిక్ రూపం. హీబ్రూ యాకోబ్ లాటిన్‌లో ఇయాకోబుస్ అయింది. తర్వాత బ కాస్తా మ అయి ఇయాకోముస్, పాత ఫ్రెంచిలో జేమ్స్. తెలుగు బైబిల్లో యాకోబు పత్రిక అంటున్నది ఇంగ్లీషులో జేమ్స్ పత్రికే. యాకోబు కవలసోదరుడి మడిమె పట్టుకుని పుట్టాడని ఆదికాండం 25వ అధ్యాయంలో ఉంది. హీబ్రూలో మడిమె అనే మాటకూ ఆ పేరుకూ పోలిక ఉంది. అర్థం కావాలంటే అంతదూరం వెళ్లాలి.

ఇంకొకరు: తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు అయినట్టే కదా? గసడదవాదేశం.

జవాబు: పోలిక బాగుంది. రెండుచోట్లా పదం మొదటి హల్లే మారుతుంది. కానీ తల్లిదండ్రులు అన్నచోట పరుషం సరళమవుతుంది, త ద అవుతుంది. గేలిక్‌లో ఊపిరి అడ్డం లేకుండా జారుతుంది: మ వ అవుతుంది, కలమ్ అనే పేరులోని క ఉర్దూ ఖబర్‌లోని ఖ అవుతుంది. ఈయన్ లాంటి అచ్చు పేర్ల ముందు ఆ ‘అ’ కూడా లోపిస్తుంది.

ఇంకొకరు: ఎం, హెచ్‌తో మొదలయ్యే Mhairi అనే పేరును తెలుగులో చాలామంది ‘మ్హైరి’ అని రాస్తున్నారు. అది తప్పు. మారి (మన మరియ) అనే పేరుకు పిలుపు రూపం అది, ‘అ వారి’. ఆడవాళ్ల పేరు కాబట్టి చివర మార్పు లేదు. స్కాట్లాండ్‌లో అదీ విడిగా పేరుగా స్థిరపడింది. తెలుగులో ‘వారి’ అని రాస్తే సర్వనామంతో కలిసిపోతుంది, ‘వారి వచ్చింది’ అన్న వాక్యం ఎవరికీ అర్థం కాదు. చివర దీర్ఘమిచ్చి ‘వారీ’ అని రాయడం మేలు. హేమిష్‌లో మాత్రం హే దీర్ఘమే. ‘హమిష్’ అని రాయకండి.