వీలుకప్ కిందికి లాగితే #ఎన్/ఏ వస్తోంది, తప్పెక్కడ?

ప్రశ్న:
ఎక్సెల్‌కి కొత్త. కిరాణా బిల్లుల షీట్‌లో ఏ కాలమ్ నిండా ఐటమ్ కోడ్‌లు. ‘ధరలు’ అనే ఇంకో షీట్‌లో కోడ్, పేరు, రేటు ఏ2 నుంచి సీ120 దాకా కోడ్‌ల క్రమంలోనే ఉన్నాయి. కోడ్‌ని బట్టి రేటు వెతికి తెచ్చే వీలుకప్ ఫార్ములాని బీ2లో ఇలా రాసి కిందికి లాగాను:
=వీలుకప్(ఏ2, ధరలు!ఏ2:సీ120, 3)
పై వరుసల్లో రేట్లు సరిగ్గానే ఉన్నాయి. కిందికి వెళ్లేకొద్దీ #ఎన్/ఏలు (దొరకలేదు అనే ఎర్రర్) పెరుగుతున్నాయి. 1047 కోడ్ ధరల్లో లేనే లేదు, దానికి మాత్రం రేటు చూపిస్తోంది! ఇఫ్‌ఎర్రర్ పెట్టి, ఎర్రర్ వచ్చినచోట సున్నా వేసేస్తే సరిపోతుందా?

జవాబు 1:
ఇఫ్‌ఎర్రర్ పెట్టకండి. తప్పు అలాగే ఉంటుంది, కనబడకుండా పోతుంది అంతే. సున్నాలు కలిసి బిల్లు మొత్తం తగ్గినా మీకు తెలియదు.

బీ40 మీద క్లిక్ చేసి పైన ఫార్ములా బార్ చూడండి. అక్కడ ధరలు!ఏ40:సీ158 అని ఉంటుంది. ఫార్ములాతో పాటు రేంజ్ కూడా 38 వరుసలు కిందికి జారింది. ధరల్లో మొదటి 38 కోడ్‌లు దాని పరిధిలోనే లేవు, ఇక ఎలా దొరుకుతాయి? బీ2లో ఏ2:సీ120 ముక్కను మొత్తం సెలెక్ట్ చేసి ఎఫ్4 నొక్కితే డాలర్ గుర్తులు పడతాయి, ఇక కిందికి లాగినా రేంజ్ జారదు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ కూడా కలిపి నొక్కాలి.

1047 సంగతి వేరు. నాలుగో విలువ ఇవ్వకపోతే వీలుకప్ ఉజ్జాయింపుగా వెతుకుతుంది. 1047 లేకపోతే దాని కంటే చిన్నదైన దగ్గరి కోడ్, అంటే 1046 ఉంటే దాని రేటు, తెచ్చి పెడుతుంది. #ఎన్/ఏ కంటే ఇదే ప్రమాదం, ఎందుకంటే చూడ్డానికి సరైన రేటులాగే ఉంటుంది. చివర సున్నా పెట్టండి:
=వీలుకప్(ఏ2, ధరలు!$ఏ$2:$సీ$120, 3, 0)
మళ్లీ కింది దాకా లాగండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్సండీ. ఇప్పుడు 1047 కాక ఇంకో 9 వరుసల్లోనే #ఎన్/ఏ ఉంది. ఆ కోడ్‌లు ధరల్లో కళ్లకు కనబడుతున్నాయి. సెల్ మూలన చిన్న ఆకుపచ్చ త్రికోణం ఉంది. ఫార్మాట్ నంబర్‌కి మార్చినా లాభం లేదు.

జవాబు 2:
ఆ 9 కోడ్‌లు అంకెల్లా కనబడే టెక్స్ట్. బీ40 అందులో ఒకటైతే, ఫార్ములా బార్‌లో ఏ40 అన్న ముక్కను మాత్రమే సెలెక్ట్ చేసి ఎఫ్9 నొక్కండి. "1062" అని కోట్స్‌లో వస్తే టెక్స్ట్, ఉత్త 1062 వస్తే నంబర్. చూశాక ఎస్కేప్ నొక్కండి. ఎంటర్ కొడితే ఏ40 పోయి ఆ విలువే ఫార్ములాలో ఉండిపోతుంది.

ఫార్మాట్ మారిస్తే లోపలి విలువ మారదు. కోడ్‌ల కాలమ్ సెలెక్ట్ చేసి, డేటా ట్యాబ్‌లో టెక్స్ట్ టు కాలమ్స్ తెరిచి, నేరుగా ఫినిష్ నొక్కండి. అయితే 0045 లాంటి కోడ్‌లుంటే ఈ పని చేయకండి, ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. అప్పుడు రెండు షీట్లలోనూ కోడ్‌లను టెక్స్ట్‌గానే ఉంచాలి.

జవాబు 3:
రేపు కోడ్‌తో కాక పేరుతో వెతికితే ఖాళీలతో చిక్కు. లెన్‌తో పొడవు చూడండి. తెలుగులో గుణింతం, పొల్లు, సున్న అన్నీ విడిగా లెక్కకొస్తాయి కాబట్టి ‘కందిపప్పు’కి 9 రావాలి. 10 వస్తే బహుశా చివర ఒక ఖాళీ ఉన్నట్టే. ట్రిమ్ దాన్ని తీసేస్తుంది. వెబ్ పేజీ నుంచి కాపీ చేసిన పేర్లలో ఒక్కోసారి మామూలు ఖాళీ కాకుండా 160 కోడ్ ఉన్న వేరే రకం ఖాళీ ఉంటుంది, దానికి ట్రిమ్ పనిచేయదు:
=ట్రిమ్(సబ్‌స్టిట్యూట్(ఏ2, క్యార్(160), " "))

ఇక 1047కి మిగిలిన #ఎన్/ఏ నిజమైనదే. అప్పుడు ఇఫ్‌ఎర్రర్ కాకుండా #ఎన్/ఏని మాత్రమే పట్టుకునే ఇఫ్ఎన్ఏ వాడి, సున్నా బదులు "ధర లేదు" అని రాయించండి. ఫంక్షన్ పేరు తప్పు టైప్ చేస్తే వచ్చే #నేమ్? లాంటివి అప్పటికీ బయటికి కనబడతాయి.