‘రిలొకేషన్ సెంటర్’ని పునరావాస కేంద్రం అనొచ్చా?

ప్రశ్న: సభ్యులకు నమస్కారం. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా ప్రభుత్వం జపాన్ సంతతివాళ్ళను శిబిరాల్లో పెట్టిన సంగతి మీద ఒక వ్యాసం అనువదిస్తున్నాను. ఇవాక్యుయేషన్, అసెంబ్లీ సెంటర్, రిలొకేషన్ సెంటర్, ఇంటర్న్‌మెంట్ అని వరసగా వస్తున్నాయి. తరలింపు, సమీకరణ కేంద్రం, పునరావాస కేంద్రం, నిర్బంధం అని పెట్టుకున్నాను. సరిపోతాయా? అన్నట్టు, ‘నాన్-ఏలియన్’ అంటే ఏంటండీ? నిఘంటువులో దొరకలేదు.

జవాబు: చివరి మాటతో మొదలుపెడతాను, కిటుకంతా అక్కడే ఉంది. 1942 ఫిబ్రవరి 19న రూజ్వెల్ట్ సంతకం చేసిన 9066 నంబరు ఉత్తర్వులో జపాన్ పేరే ఉండదు. సైనిక ప్రాంతాల నుంచి ఎవరినైనా వెళ్ళగొట్టే అధికారం సైన్యానికి ఇచ్చారు, అంతే. తర్వాత పశ్చిమ తీరంలో గోడలకు అంటించిన నోటీసుల్లో మాత్రం ‘జపాన్ సంతతి వారందరూ, ఏలియన్లు గానీ నాన్-ఏలియన్లు గానీ’ ఫలానా రోజు మధ్యాహ్నం పన్నెండులోగా ఖాళీ చేయాలని ఉంది. ఏలియన్ అంటే ఇక్కడ విదేశీయుడు. ఏలియన్ కానివాడంటే ఎవరు? అమెరికా పౌరుడే. ఆ మాట రాస్తే, నేరం మోపకుండా పౌరుణ్ణి ఎలా పట్టుకుపోతారని ఎవరో ఒకరు అడుగుతారు. అందుకే ఈ డొంకతిరుగుడు అని నా అభిప్రాయం. అలా వెళ్ళిన సుమారు 1,20,000 మందిలో మూడింట రెండు వంతులు ఈ ‘నాన్-ఏలియన్లే’.

కాబట్టి నోటీసును ఉటంకించే చోట ‘విదేశీయులు గానీ విదేశీయేతరులు గానీ’ అని అంతే వంకరగా పెట్టండి. ‘పౌరులు’ అని చదును చేశారంటే, ప్రభుత్వం దాచిపెట్టిన మాటను మీరు దాని నోటితో చెప్పించినట్టవుతుంది.

‘తరలింపు’ దగ్గర జాగ్రత్త. ‘లోతట్టు ప్రాంతాల ప్రజలను సురక్షిత ప్రాంతాలకు తరలించారు’ అని తుపాను వచ్చినప్పుడల్లా పేపర్లో చదువుతాం. అధికారులకు కావలసిందీ ఆ వాసనే. నోటీసులో ఏం తెచ్చుకోవాలో చెప్పారు: పక్కబట్టలు, మార్చుకునే బట్టలు, ఇంట్లో ఒక్కొక్కరికీ కంచం, గిన్నె, కప్పు, చెంచా. మోసుకెళ్ళగలిగినంతే. పెంపుడు జంతువులు కుదరవు. ఇంటికో నంబరు ఇచ్చి, ఆ చీటీని పెట్టెకీ మనిషికీ కూడా కట్టారు. మీ మాటగా రాసేటప్పుడు ‘ఇళ్ళు ఖాళీ చేయించారు’ అనండి, చాలు. ‘సమీకరణ కేంద్రం’ వద్దు, పాల కేంద్రంలా వినిపిస్తోంది. కాలిఫోర్నియాలోని శాంతా అనీటా, టాన్‌ఫొరాన్‌లలో ఈ అసెంబ్లీ సెంటర్లు అసలు గుర్రప్పందేల మైదానాలు. గుర్రాల కొట్టాలకు పైపైన సున్నం కొట్టి సంసారాలను దింపారు.

ఇక పునరావాసం. ఈ మాట మీద అమెరికా సుప్రీంకోర్టులోనే పేచీ నడిచింది. ఖాళీ చేయమన్న ఉత్తర్వును ధిక్కరించిన ఫ్రెడ్ కొరెమాట్సు కేసులో, 1944 డిసెంబర్ 18న, ఆరుగురు జడ్జీలు ప్రభుత్వం వైపు, ముగ్గురు అటు. మెజారిటీ తీర్పు రాసిన హ్యూగో బ్లాక్, వీటిని కాన్సంట్రేషన్ క్యాంపులనడం సమంజసం కాదన్నాడు. విభేదించిన ఓవెన్ రాబర్ట్స్ చెప్పిందాని సారం: అసెంబ్లీ సెంటర్ జైలుకు ముద్దుపేరు, రిలొకేషన్ సెంటర్ కాన్సంట్రేషన్ క్యాంపుకు ముద్దుపేరు. జడ్జీలే తేల్చుకోలేని మాటను మనం కోట్స్ లేకుండా ఎలా వాడతాం? అధికారుల నోట వచ్చినప్పుడు కోట్స్‌లో ‘పునరావాస కేంద్రం’, మీ నోట నిర్బంధ శిబిరం. గృహనిర్బంధం, ముందస్తు నిర్బంధం అంటాం కదా, నేరం రుజువు కాకుండా పట్టి ఉంచడమే. శిక్ష పడ్డాక అయితే ఖైదు.

ఇంకో సభ్యుడు: ఒక అభ్యంతరం మాస్టారూ. నిర్బంధ శిబిరం అంటే తెలుగు పాఠకుడికి హిట్లర్ గుర్తొస్తాడు. పైగా ఇంటర్న్‌మెంట్‌కు చట్టంలో వేరే అర్థం ఉంది.

జవాబు: రెండోది నిజమే. యుద్ధకాలంలో శత్రుదేశపు జాతీయులను పట్టి ఉంచడానికి అక్కడ 1798 నాటి చట్టం ఉంది. దాని కింద టెక్సాస్‌లోని క్రిస్టల్ సిటీ లాంటి చోట్ల న్యాయశాఖ వేరే శిబిరాలు నడిపింది. పౌరులకు ఆ చట్టం వర్తించదు. అందుకే ఇప్పుడు చాలామంది పౌరుల విషయంలో ఇంటర్న్‌మెంట్ అనడం మానేశారు. తెలుగులో ఆ ఇబ్బంది లేదు, మొదటిసారి ‘విచారణ లేని నిర్బంధం’ అంటే సరి. హిట్లర్ సంగతంటారా, ఆష్విట్జ్ లాంటివాటికి మారణ శిబిరాలు అనే మాట ఉండనే ఉంది.

అడిగినవారు: ధన్యవాదాలండీ. శిబిరాల్లో పెద్దవాళ్ళు ‘షికాత గ నాయ్’ అనుకునేవారట. ‘అంతా కర్మ’ అని రాశాను.

జవాబు: కర్మ తీసేయండి. దాని అర్థం ‘చేయగలిగిందేం లేదు’ అని మాత్రమే. పూర్వజన్మ ఊసు లేదందులో. దానికి జంటగా వాడే ‘గామన్’కి ‘ఓర్పు’ కంటే ‘పంటి బిగువున భరించడం’ దగ్గరగా ఉంటుంది. అయితే అందరూ భరించి ఊరుకోలేదు, అదీ రాయండి. 1943లో విధేయత ఫారం ఒకటి పంచారు. అందులో 28వ ప్రశ్న, అమెరికాకు విధేయులుగా ఉంటూ జపాన్ చక్రవర్తి పట్ల విధేయతను వదులుకుంటారా అని. మొదటి తరం వాళ్ళు, అంటే ఇస్సేలు, అవునంటే ఏ దేశానికీ చెందకుండా పోతారు. ఎందుకంటే చట్టప్రకారం వాళ్ళకు అమెరికా పౌరసత్వం రాదు. ఇది మనకూ తగిలిన దెబ్బే. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో భారతీయులూ అనర్హులేనన్నారు. 1946 దాకా ఓ తెలుగువాడు అక్కడ స్థిరపడినా అదే గతి. సైన్యంలో పనిచేస్తారా అన్న 27వ ప్రశ్నకూ, ఈ 28కీ రెండింటికీ కాదన్న కుర్రాళ్ళకు ‘నో-నో బాయ్స్’ అని పేరు పడింది. దాన్ని అలాగే ఉంచేయండి.

మరొక సభ్యురాలు: 1962 యుద్ధమప్పుడు మన ప్రభుత్వమూ చైనా సంతతి వాళ్ళను దాదాపు మూడు వేలమందిని రాజస్థాన్‌లోని దేవలీలో పెట్టింది. అస్సాంలోని మాకుం, డార్జిలింగ్ వైపు నుంచి రైళ్ళలో తెచ్చారు. వాళ్ళలో ఇక్కడే పుట్టినవాళ్ళు ఎందరో. అమెరికా 1988లో చట్టం చేసి, క్షమాపణ చెప్పి, బతికున్న ఒక్కొక్కరికి 20,000 డాలర్లు ఇచ్చింది. ఇక్కడ ఇప్పటికీ ఆ ఊసే లేదు.

జవాబు: మంచి మాట గుర్తుచేశారమ్మా. అడిగినవారూ, వీలుంటే వ్యాసం కింద అనువాదకుడి మాటగా దేవలీ గురించి నాలుగు వాక్యాలు చేర్చండి. అక్కడ కూడా ‘నిర్బంధ శిబిరం’ అనే రాయండి, రెండు చోట్లా ఒకే మాట.