గుల్మార్గ్, ఔలీ, సోలాంగ్: మొదటిసారి స్కీయింగ్ నేర్చుకోవడానికి ఎటు వెళ్ళాలి?

కరీంనగర్ నాన్న:
అందరికీ నమస్తే. ఫిబ్రవరిలో నాకు వారం రోజులు సెలవు దొరికేటట్టుంది. నేను, నా భార్య, పదేళ్ళ పాప వెళ్దామనుకుంటున్నం. ముగ్గురిలో ఒక్కరం కూడా మంచు ముట్టుకున్నవాళ్ళం కాదు. టీవీలో వింటర్ ఒలింపిక్స్ చూసినప్పటి నుంచి పాప స్కీయింగ్ నేర్చుకుంటానని పట్టుబట్టింది. ఫొటోలు దిగి వచ్చుడు కాదు, నిజంగా నేర్చుకోవాలె. కశ్మీర్‌ల గుల్మార్గ్ అని ఒకరంటరు, ఉత్తరాఖండ్‌ల ఔలీ అని ఇంకొకరు. మనాలి దగ్గర సోలాంగ్ చాలని మా ఆఫీసులో అంటున్నరు. పోయొచ్చినవాళ్ళు జెర చెప్పండి.

డెన్వర్ తెలుగోడు:
మేం కొలరాడోలో ఉంటాం, బ్రెకెన్‌రిడ్జ్ అనే స్కీ రిసార్టుకి ఎక్కువగా వెళ్తాం. ఇక్కడ వాలులకు రంగు గుర్తులుంటాయి. ఆకుపచ్చ కొత్తవాళ్ళకి, నీలం కాస్త వచ్చినవాళ్ళకి, నలుపు బాగా చేయి తిరిగినవాళ్ళకి. మీరు వెళ్ళే చోట ఆకుపచ్చలాంటి వాలు ఎంత పొడవుందో ముందు కనుక్కోండి. పాప నేర్చుకునేది దాని మీదే.

బెజవాడ అమ్మ:
కరీంనగర్ నాన్న గారూ, నేను నలభై మూడేళ్ళ వయసులో మా అబ్బాయితో కలిసి నేర్చుకున్నాను. 2022లో ఔలీ, 2024లో గుల్మార్గ్ వెళ్ళాం. రెండూ దగ్గరగా చూశాను కాబట్టి వివరంగా రాస్తున్నాను.

నేర్చుకోవడానికి నాకు ఔలీయే నచ్చింది. వాలు సుమారు 3 కిలోమీటర్లు, ఎక్కడికక్కడ చదును చేసి ఉంటుంది. కళ్ళెదుటే 7,816 మీటర్ల నందాదేవి. గఢ్వాల్ పర్యాటక సంస్థ వాళ్ళ కోర్సులో చేరాం, రోజూ ఒకే గురువు. ఇబ్బందల్లా ప్రయాణమే. డెహ్రాడూన్‌లో దిగాక జోషీమఠ్‌కి దాదాపు 290 కిలోమీటర్ల కొండదారి, ఒక పగలంతా పోతుంది. మేం జోషీమఠ్ నుంచి రోప్‌వేలో పైకి వెళ్ళాం. 2023 జనవరిలో ఊళ్ళో నేల కుంగినప్పుడు దాన్ని ఆపేశారు, ఆ తర్వాత రోడ్డు మీదే వెళ్ళాల్సి వచ్చింది. రానూపోనూ రోజులు తీసేస్తే మీ వారంలో మిగిలేవి మూడో నాలుగో.

అందుకే చేతిలో పది రోజులుంటే ఔలీ, ఏడే అయితే గుల్మార్గ్ అంటాను. శ్రీనగర్ నుంచి గుల్మార్గ్ 50 కిలోమీటర్లే. తంగ్‌మార్గ్ దాటాక చివరి 13 కిలోమీటర్లు చక్రాలకు గొలుసులు కట్టిన బండిలో వెళ్ళాలి. మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ తీసుకెళ్ళండి.

గుల్మార్గ్ అనగానే అందరూ గండోలా (కొండ మీదికి వెళ్ళే కేబుల్ కారు) గురించే చెబుతారు. దాని రెండో దశ అఫర్వత్ కొండ మీద దాదాపు 3,950 మీటర్ల దగ్గర దింపుతుంది. అక్కడి నుంచి స్కీల మీద దిగడం కొత్తవాళ్ళ పని కాదండీ. డెన్వర్ గారు చెప్పినట్టు రంగులు వేసి దిద్దిన దారులు కావవి, మంచు చరియలు విరిగిపడే భయం ఉంటుంది. 2023, 2024 రెండేళ్ళూ ఫిబ్రవరిలో అక్కడ విదేశీ స్కీయర్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. మొదటి రోజే పైకి తీసుకెళ్తానని మమ్మల్ని కూడా ఒక గైడు తొందరపెట్టాడు, నేను ఒప్పుకోలేదు. మీరూ ఒప్పుకోకండి. కింద గోల్ఫ్ మైదానం పక్కన చిన్న వాలులున్నాయి. నాలుగు రోజులు అక్కడే ఉన్నా పాపకి బోలెడు పని.

మంచు సంగతి కూడా చెప్పాలి. 2024 జనవరి రెండో వారంలో మేం వెళ్తే గుల్మార్గ్ అంతా ఎండుగడ్డే. మావాడు స్కీలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే నాకు కడుపు తరుక్కుపోయింది. నెలాఖరుకి గానీ మంచు పడలేదు. అప్పుడు సెలవు పొడిగించుకుని మళ్ళీ వెళ్ళాం. 2025లో ఖేలో ఇండియా వింటర్ గేమ్స్‌నే మంచు చాలక ఫిబ్రవరి నుంచి మార్చికి జరిపారు. హోటలూ విమానమూ తేదీ మార్చుకునే వీలున్నవే తీసుకోండి.

ఇక మాకు ఎవరూ చెప్పని విషయం ఒకటి. మొదటి పూట మావాడి కుడి బూటు ఎంత తొక్కినా స్కీకి బిగుసుకోలేదు. అరగంట కుస్తీ పట్టాం, వాడికి ఏడుపొక్కటే తక్కువ. గురువు వచ్చి బూటు తిప్పి చూశాడు. అడుగున మంచు గట్టిపడి రొట్టెలా అతుక్కుని ఉంది. కర్ర మొనతో గీకేసి మళ్ళీ తొక్కమన్నాడు, టక్కుమని పట్టేసింది. అప్పటి నుంచి స్కీ తొడిగే ప్రతిసారీ అడుగు గీకడమే మా మొదటి పని.

జారేటప్పుడు భయం వేస్తే ఒళ్ళు వెనక్కి వాలుతుంది, అలా వాలితే స్కీలు ఇంకా వేగంగా పోతాయి. మోకాళ్ళు వంచి, మోకాలి కింద కాలి ముందుభాగం బూటుకి ఆనేలా ముందుకి వంగాలి. "ఘుట్నే మోడో" (మోకాళ్ళు వంచు) అని మా గురువు రోజుకి వందసార్లు అరిచేవాడు.

మనాలిలో ఉన్న శ్రీకాకుళం అబ్బాయి:
సోలాంగ్‌లో రోడ్డు పక్కన స్కీలు అద్దెకిచ్చి గంటసేపు నేర్పేవాళ్ళే ఎక్కువ. సరదాకి బాగుంటుంది గానీ, మీరు అడిగినట్టు నిజంగా నేర్చుకోవాలంటే మనాలిలోని ప్రభుత్వ పర్వతారోహణ సంస్థ కోర్సులు చూడండి. వాటి తేదీలు వాళ్ళే నిర్ణయిస్తారు, మీ సెలవుతో కుదరాలి.

కరీంనగర్ నాన్న:
శానా సంతోషం. బెజవాడ అక్కా, గుల్మార్గ్‌కే ఖాయం చేసుకున్న. కింది వాలుల మీదనే ఉంటం. పాపకి ఇక్కడి నుంచి ఏమేం కొనుక్కపోవాలె?

బెజవాడ అమ్మ:
స్కీలు, బూట్లు, హెల్మెట్ అక్కడే అద్దెకి దొరుకుతాయి తమ్ముడూ. తడవని చేతి తొడుగులు రెండు జతలు, గాగుల్స్ కొనండి. మేజోళ్ళు ఉన్నివి, పొడవైనవి, ఒక్క జతే వేయాలి. రెండు జతలు వేస్తే లోపల ముడతలు పడి కాలు తిమ్మిరెక్కుతుంది. సన్‌స్క్రీన్ గడ్డం కింద, ముక్కు కింద కూడా రాయండి, మంచు మీద నుంచి ఎండ కిందనుంచీ కొడుతుంది. స్కీ బూటు సైజు సెంటీమీటర్లలో ఉంటుంది. బయల్దేరే ముందు పాపని గోడకి మడమ ఆనించి నిలబెట్టి, బొటనవేలి చివరిదాకా కొలిచి ఆ అంకె ఫోన్లో రాసి పెట్టుకోండి. అద్దె దుకాణంలో మావాడికి రెండు సెంటీమీటర్లు పెద్దవి ఇచ్చేశారు, రెండు రోజులు అలాగే పడుతూ లేచాడు.